దుప్పటి చాటున దాచుకున్న ముఖం

పోయిన సంక్రాంతి సెలవులకు ముందు మా పాప చదివే బడి వాళ్లు మూడో తరగతి పిల్లలను ఒక అనాథాశ్రమానికి తీసుకువెళ్లారు. తోడుగా వెళ్లిన తల్లులలో నేనూ ఉన్నాను. మా పిల్లలు ఒక వరుస, ఎదురుగా ఆశ్రమం పిల్లలు ఒక వరుస. ఒక్కొక్కరూ దుప్పటి అందించాలి, ఇద్దరూ ఫోను వైపు చూడాలి. ఫొటో సరిగ్గా రాకపోతే దుప్పటి వెనక్కి తీసుకుని మళ్లీ ఇవ్వాలి. మా పాప ఎదుట నిలబడ్డ అమ్మాయికి కూడా ఎనిమిదేళ్లే ఉంటాయి. ఫోను పైకి లేవగానే ఆ పిల్ల దుప్పటిని ముఖానికి అడ్డం పెట్టుకుంది. "దించమ్మా, నవ్వు" అన్నారెవరో. దించింది. నవ్వలేదు.

సాయంత్రానికల్లా ఆ ఫొటో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి, మర్నాటికి బడి ఫేస్‌బుక్ పేజీలోకి వచ్చింది. రాత్రి పడుకోబోయే ముందు మా పాప అడిగింది: "అమ్మా, ఆ అమ్మాయి ముఖం ఎందుకు దాచుకుంది? నేనేమైనా తప్పు చేశానా?" తప్పు నీది కాదు, మాది అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ మాటే మీ అందరి ముందూ చెప్పాలని రాస్తున్నాను.

నా చిన్నతనం గోదావరి జిల్లాలో అమ్మమ్మ ఇంట గడిచింది. ధనుర్మాసం నెల్లాళ్లూ తెల్లవారకముందే హరిదాసు వచ్చేవాడు. తలమీద రాగి అక్షయపాత్ర, చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు. బియ్యం పోసే పని పిల్లలదే. మా చేతులు పాత్రకు అందవు కనుక ఆయన ముగ్గు పక్కన మోకాలి మీద కూర్చునేవాడు. ఒంటిచేత్తో పోస్తే అమ్మమ్మ ఊరుకునేది కాదు. దోసిలితో పోయాలి, గింజ కింద పడకూడదు, పోశాక ఆయన కాళ్లకు దండం పెట్టాలి. ఆయన కృష్ణార్పణం అని దీవించి లేచి వెళ్లిపోయేవాడు. ఇచ్చినవాళ్లం మేము, దండం పెట్టిందీ మేమే. చలికి వణుకుతూ నిలబడిన ఆరేళ్ల పిల్లకు దానమంటే ఏమిటో ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు. ఆ దోసిలే చెప్పింది.

పాతకాలమంతా బంగారమని నేను అనను. అదే ఇంట్లో, అదే పండగనాడు, పెరటి గుమ్మం బయట నిలబడి అరిసెలు, పులిహోర పుచ్చుకున్నవారు ఉన్నారు. వారిని వీధి గుమ్మంలోంచి ఎందుకు రానివ్వలేదో పెద్దయ్యాక అర్థమైంది. అమ్మమ్మ నేర్పిన గౌరవం ఆ పెరటి గుమ్మం దాకా వెళ్లలేదు. వెళ్లి ఉండవలసింది. ఇప్పుడు మనం చేస్తున్నది అంతకంటే మెరుగా అని అడిగితే, ఆ దుప్పటి వెనక ముఖం గుర్తొచ్చి అవునని అనలేకపోతున్నాను.

రంజాన్‌లో ముస్లింలు పేదలకు ఫిత్రా అనే దానం ఇస్తారు. ఇంట్లో పసిబిడ్డ తరఫున కూడా లెక్కగట్టి, ఈద్ నమాజుకు ముందే చేర్చాలి. పండగ పూట లేనివాడి ఇంట్లో కూడా పొయ్యి వెలగాలన్న ఆలోచన అందులో ఉంది. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట క్రైస్తవుల ఇళ్లలోనూ ముస్లింల ఇళ్లలోనూ వింటాము. ఇన్ని మతాలు ఇన్ని శతాబ్దాలుగా చాటుగా ఇవ్వమంటుంటే, మన పిల్లలకు మాత్రం ఫోను వైపు తిరిగి ఇవ్వమని చెబుతున్నాము.

ఇంకో సంగతి. సంరక్షణ అవసరమైన పిల్లల ఫొటోలు, వారిని గుర్తుపట్టగల వివరాలు బయటపెట్టడం విషయంలో 2015 నాటి బాల న్యాయ చట్టం కఠినంగానే ఉంది. 74వ సెక్షన్ ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది చెప్పి ఎవరినీ భయపెట్టాలని కాదు. మన పిల్లల ఫొటోలు పెట్టేముందు బడి వాళ్లు మన సంతకం అడుగుతారు. ఆ పిల్ల తరఫున ఎవరిని అడిగారు?

ఈ డిసెంబరులో మేము నలుగురు తల్లులం కలిసి ఆశ్రమం చూసుకునే ఆవిడకు ఫోను చేశాము. ఏమి తెస్తే బాగుంటుందని అడిగితే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పారు: "దుప్పట్లు వద్దండీ, ప్రతి పండగకూ వస్తాయి, బీరువా నిండిపోయింది. పెద్ద పిల్లలకు శానిటరీ ప్యాడ్లు కావాలి. లోదుస్తులు కొత్తవి ఎవరూ ఇవ్వరు. నోటుపుస్తకాలు ఇప్పుడు కాదు, జూన్‌లో గుర్తుపెట్టుకోండి." ఫోను పెట్టేయబోతూ ఇంకొకటి అన్నారు. క్యారమ్ బోర్డు ఉందట, స్ట్రైకర్ పోయి చాలా రోజులైందట.

ప్యాడ్లు, బట్టలు మేము కొన్నాము. జూన్ సంగతి క్యాలెండరులో రాసి పెట్టుకున్నాము. స్ట్రైకర్ మాత్రం మా పాప తన హుండీ పగలగొట్టి తానే కొన్నది. మొన్న ఆదివారం వెళ్లాము. ఫోన్లు గేటు దగ్గరే సంచిలో పెట్టేశాము. పోయినేడు ముఖం దాచుకున్న ఆ అమ్మాయి మా పాపను గుర్తుపట్టి, పక్కకు జరిగి చోటిచ్చింది. రెండు ఆటలు ఆడారు. రెండింటిలోనూ ఆ అమ్మాయే గెలిచింది.