ఫోను గురిపెడితే లైట్‌హౌస్ ఎత్తు తేలదు

విశాఖలో ఫోన్ల మధ్య తిరుగుతున్న సందేశం సారాంశం ఇది: ఆర్కే బీచ్‌లో నిలబడి డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ కొసకు ఫోను గురిపెట్టండి. కోణం చూసి, దాని టాన్ విలువను మ్యాపులోని దూరంతో గుణించండి. లైట్‌హౌస్ ఎత్తు మీటరు తేడా లేకుండా వస్తుంది. ఎంత దూరం నుంచి చూస్తే అంత కచ్చితం. ఎవరెస్టునూ ఇలాగే కొలిచారు!

సూత్రం పదో తరగతి పాఠమే, దానికేమీ వంక లేదు. కానీ వచ్చేది లైట్‌హౌస్ ఎత్తు కాదు. మన కంటి మట్టం నుంచి కొస దాకా, కొండతో సహా వచ్చే ఎత్తు. లైట్‌హౌస్ ఒక్కదానిదే కావాలంటే దాని మొదలుకూ కోణం చూసి, రెండింటి తేడా తీయాలి.

దూరం పెరిగితే కచ్చితత్వం పెరుగుతుందన్న మాటనే ఎక్కువమంది నమ్ముతున్నారు. నిజం దానికి తలకిందులు. 50 మీటర్ల కట్టడాన్ని 50 మీటర్ల దూరం నుంచి చూస్తే ఊర్ధ్వకోణం 45 డిగ్రీలు. అక్కడ ఒక డిగ్రీ తప్పితే ఎత్తులో సుమారు 1.75 మీటర్ల తేడా. 280 మీటర్ల దూరం పోతే కోణం 10 డిగ్రీలకు దిగుతుంది, అదే పొరపాటు 5 మీటర్లవుతుంది. మరీ దగ్గరగా, 9 మీటర్లకు పోయినా అంతే నష్టం. ఇక 5 కిలోమీటర్ల నుంచి ఒక్క డిగ్రీ అంటే 87 మీటర్లు. సముద్రపు గాలిలో, చేతిలో ఊగే ఫోనుకు డిగ్రీ తప్పడం ఎంతసేపు?

రెండు చోట్ల నుంచి చూస్తే సరిపోతుందని కొందరి సవరణ. 200 మీటర్ల ఎత్తును 5 కిలోమీటర్ల నుంచి చూసి, 100 మీటర్లు ముందుకు నడిచి మళ్లీ చూస్తే కోణం పెరిగేది 0.05 డిగ్రీల లోపే. ఫోను దాన్ని పట్టలేదు.

మ్యాపు దూరం పరవాలేదు. అయినా 5 కిలోమీటర్ల దూరంలో భూమి వంపే దాదాపు 2 మీటర్లు దాచేస్తుంది.

ఎవరెస్టు మాట ఎత్తకుండా ఉండాల్సింది. దాన్ని 160 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కొలిచారన్నది నిజమే. అయితే వాడినవి డిగ్రీలో అతి చిన్న భాగాలనూ చదివే థియోడొలైట్లు, అంటే కోణాలు కొలిచే సర్వే పరికరాలు. చూసింది ఒక్క చోటు నుంచి కాదు, ఆరు కేంద్రాల నుంచి. గాలిలో కాంతి వంగడాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. సర్వే శాఖ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దార్ గణనల ఆధారంగా 1856లో ప్రకటించిన 29,002 అడుగులు, 2020 నాటి 8,848.86 మీటర్లకు సుమారు 9 మీటర్లే తక్కువ.

సరదాగా కొలవాలనుకుంటే చదును నేల మీద, మొదలు దాకా నడిచి వెళ్లగలిగే కట్టడం చూసుకోండి. ముందు ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి పక్కన నడిచి మీ అడుగు ఎంతో తేల్చుకోండి, దాని పొడవు 91.3 మీటర్లు. కోణం 45 డిగ్రీలు వచ్చేదాకా జరిగి, కట్టడం మొదలు దాకా ఉన్న దూరానికి మీ కంటి ఎత్తు కలపండి. టాన్ కూడా అక్కర్లేదు.