పేర్లు పెట్టే పని పూటకూళ్ళవారికే ఇవ్వాలి

వేల్స్‌లో ఊళ్ళకు, కొండలకు పేర్లు పెట్టిన పూర్వీకుల మీద నాదొక ఫిర్యాదు. వాళ్ళకు అబద్ధమాడడం బొత్తిగా చేతకాలేదు. ఏరు సముద్రంలో కలిసేచోట ఊరుంటే 'అబెర్', చర్చి ఉంటే 'లాన్', లోయ అయితే 'కుమ్' అనేశారు. చెట్టూచేమా లేని గుట్టను చూసి 'మోయెల్' అన్నారు, అంటే బోడి. గుట్ట నొచ్చుకుంటుందేమోనన్న మర్యాదైనా లేదు. 'అవన్' అంటే నది. వెల్ష్‌కు మూలమైన పాత భాషలోని ఈ మాటే నది పేరనుకుని ఇంగ్లీషువారు 'ఏవన్ నది' అని రాసుకున్నారు. ఆ నదినది ఇంగ్లండులో ఇప్పటికీ పారుతోంది.

దేశంలోకెల్లా ఎత్తైన కొండ 1,085 మీటర్లు. దాని వెల్ష్ పేరు 'అర్ విద్వా', అంటే సమాధి. రాజుల గడ్డాలతో అంగీ కుట్టించుకున్న రీటా అనే రాక్షసుణ్ణి ఆర్థర్ రాజు చంపగా అక్కడే పూడ్చారట. ఇంగ్లీషువారు మంచుకొండ అనే అర్థంలో 'స్నోడన్' అన్నారు. 2022లో అక్కడి జాతీయ ఉద్యానవన అధికారులు ఇకపై సమాధి పేరే వాడాలని తీర్మానించారు. సమాధి మీదికి 1896లోనే రైలు కూడా వేశారు కనుక యాత్రికులకు ఇబ్బంది లేదు.

పేరు పెట్టడమనే విద్య 1860ల దాకా ఆంగ్లెసీ దీవికి అందలేదు. అక్కడొక చిన్న ఊరికి అప్పటికే రైల్వేస్టేషను ఉంది. రైళ్ళు ఆగాలంటే పేరు పొడవుగా ఉండాలని ఎవరికో తట్టింది. ఆ పని ఒక దర్జీదని చెబుతారు. నమ్మదగిన మాటే, అతుకులు అంత బాగా ఇంకెవరు వేయగలరు? 'తెల్లని హేజెల్ చెట్ల మడుగు దగ్గరి మరియమ్మ చర్చి' అన్న పాత పేరుకు ఒక సుడిగుండం, ఎర్రగుహ, ఇంకో మునీశ్వరుడి చర్చి తగిలించి 58 అక్షరాలకు సాగదీశారు. ఊరివాళ్ళు మాత్రం 'లాన్‌వైర్‌పుల్' అని ఊరుకుంటారు.

నా గురువు మాత్రం బెద్‌గెలెర్ట్ ఊరి పూటకూళ్ళ యజమాని డేవిడ్ ప్రిచర్డ్. ఊరి పేరుకు 'గెలెర్ట్ సమాధి' అని అర్థం. ఆ గెలెర్ట్ బహుశా ఎవరో పాతకాలపు సాధువు. సాధువు పేరు చెబితే గదులు నిండుతాయా? అందుకని 18వ శతాబ్దం చివర్లో ఆయన గెలెర్ట్‌ను కుక్కను చేశాడు. రాకుమారుడు లువెలిన్ వేటనుంచి వచ్చేసరికి ఊయల బోర్లాపడి ఉంది, కుక్క మూతి నిండా నెత్తురు. బిడ్డను తినేసిందనుకుని కత్తి దూశాడు. తరువాత చూస్తే బిడ్డ క్షేమం, పక్కనే చచ్చిన తోడేలు. ప్రిచర్డ్ రాళ్ళు తెచ్చి సమాధి కూడా పేర్పించాడు. జనం ఇప్పటికీ వచ్చి కళ్ళు తుడుచుకుని, భోజనానికి కూర్చుంటారు.

తోడేలును పాముగా, కుక్కను ముంగిసగా మార్చి చూడండి. పంచతంత్రంలో ఈ కథ మనకు ఎన్ని వందల ఏళ్ళుగా ఉంది! పిల్లలకు చెప్పి నిద్రపుచ్చడమే తప్ప, ఆ ముంగిసకు ఇన్నేళ్ళలో ఒక్క సమాధి కట్టించామా? పక్కన ఒక్క కాఫీ హోటలైనా పెట్టామా?