స్నేహితుడి అడ్రసుతో సీడీఎల్: ఒక ఫార్వర్డుకు ఖండన

ఉద్యోగాల కోతలు మొదలైనప్పటి నుంచి అమెరికాలోని మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఆగకుండా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "లేఆఫ్ అయినవారు దిగులు పడనక్కర్లేదు. ట్రక్కు నడిపే సీడీఎల్ (వాణిజ్య వాహనాల లైసెన్సు) ఏ రాష్ట్రంలోనైనా తీసుకోవచ్చు. టెక్సాస్‌లో స్నేహితుడి అడ్రసు ఇస్తే చాలు, స్టేట్ ట్యాక్స్ కూడా తప్పుతుంది. కారు లైసెన్సు సొంత రాష్ట్రంలోనే ఉంచుకుంటే ట్రక్కు మీద పడే ట్రాఫిక్ టికెట్లు దాని మీదికి రావు. ఇండియాలో హెవీ లైసెన్సు ఉన్నవారికి ట్రైనింగ్ అక్కర్లేదు. ఏ వీసా అయినా ఫర్వాలేదు. ఏడాదికి రెండు లక్షల డాలర్లు." దీన్ని నాకు పంపినవారందరూ ఇంటి అగ్రిమెంటును మూడుసార్లు చదివి గానీ సంతకం పెట్టని మనుషులే కావడం వల్ల విసుగు మరింత పెరిగింది.

రెండు లక్షల డాలర్ల సంగతి ఒక్క వాక్యంలో తేలుతుంది: సొంత ట్రక్కు ఉన్నవారి ఖాతాలో పడే మొత్తాన్ని, అందులోంచి డీజిలు, వాయిదాలు, ఇన్సూరెన్సు, టైర్లు పోకముందే లెక్కేసి, దానికి జీతమని పేరు పెట్టారు. ఇండియా లైసెన్సు మాటకూ అంతకంటే ఎక్కువ చోటు అనవసరం. ఈ విషయంలో అమెరికా గుర్తించేది కెనడా, మెక్సికో దేశాల వాణిజ్య లైసెన్సులను మాత్రమే. 2022 ఫిబ్రవరి 7 నుంచి, తొలిసారి క్లాస్ ఏ గానీ క్లాస్ బీ గానీ (భారీ వాహనాల సీడీఎల్ రకాలు) తీసుకునేవారు ఫెడరల్ జాబితాలో నమోదైన శిక్షణ సంస్థలో శిక్షణ పూర్తిచేస్తేనే డ్రైవింగ్ పరీక్షకు అర్హులు. లెర్నర్ పర్మిట్ చేతికొచ్చాక పరీక్షకు 14 రోజులైనా ఆగాలి. విజయవాడ హైవే మీద లారీ తోలిన అనుభవం స్టీరింగు దగ్గర పనికొస్తుందేమో గానీ, కౌంటరు దగ్గర పనికిరాదు.

రెండు లైసెన్సుల సలహా ఇచ్చిన పెద్దమనిషి ఏ దశాబ్దంలో నిద్రపోయి ఇప్పుడు లేచారో తెలియదు. ఒకప్పుడు ట్రక్కు డ్రైవర్లు నాలుగైదు రాష్ట్రాల లైసెన్సులు జేబులో పెట్టుకుని, ఒక టికెట్టు ఒకదాని మీద, మరో టికెట్టు ఇంకోదాని మీద రాయించుకునేవారు. సరిగ్గా ఆ ఆటను కట్టించడానికే 1986లో కేంద్ర చట్టం వచ్చి, 1992 ఏప్రిల్ నుంచి దేశమంతటా సీడీఎల్ తప్పనిసరి అయింది. వాణిజ్య వాహనం నడిపే మనిషికి ఒకే లైసెన్సు ఉండాలి, కారు నడపడానికీ అదే, పాతది అప్పగించాల్సిందే. వేరే రాష్ట్రంలో పడిన శిక్ష సొంత రాష్ట్రపు రికార్డుకు చేరే ఏర్పాటూ ఉంది.

ఇక అసలు విషం స్నేహితుడి అడ్రసులో ఉంది. ఫెడరల్ నియమావళి 383వ భాగం ప్రకారం సీడీఎల్ ఇవ్వవలసింది మనిషి స్థిర నివాసం ఉన్న రాష్ట్రం. అంటే అతని అసలైన, శాశ్వతమైన ఇల్లు ఉన్నచోటు, ఎక్కడికి వెళ్లినా తిరిగి చేరాలనుకునే చోటు. భార్యాపిల్లలు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, పిల్లల స్కూలు ఎడిసన్‌లో, ఇంటి అద్దె ఎడిసన్‌లో కట్టే మనిషి డాలస్‌లో స్నేహితుడి కరెంటు బిల్లు పక్కన తన పేరు చేర్పించుకున్నంత మాత్రాన టెక్సాస్ వాసి కాడు. దరఖాస్తులో తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కనీసం 60 రోజులు ఆ సీడీఎల్ చెల్లకుండా చేయాలని, లైసెన్సు మోసం కేసులో శిక్ష పడితే కనీసం ఏడాది అనర్హులని నియమమే చెబుతోంది. గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మనిషి ప్రభుత్వ పత్రం మీద అబద్ధం రాయడం ఎంత తెలివైన పనో నేను వివరించనక్కర్లేదు.

ట్యాక్సు సంగతీ అంతే. రెండు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో తిరిగే ట్రక్కు ఉద్యోగి జీతం మీద అతను నివసించే రాష్ట్రం ఒక్కటే ఆదాయపు పన్ను వేయాలని ఫెడరల్ చట్టం ఉన్నమాట నిజమే. నివసించే రాష్ట్రం అంటే లైసెన్సు మీద అచ్చువేయించుకున్న రాష్ట్రం కాదు. న్యూజెర్సీ పన్నుల శాఖ అంత అమాయకంగా ఉంటుందని నమ్మేవారికి నా నమస్కారం. పైగా, మెడికల్ సర్టిఫికెట్ గడువు గరిష్ఠంగా రెండేళ్లు. కొత్తది దాఖలు కాకపోతే సీడీఎల్ హోదా పోతుంది. ఆ హెచ్చరిక ఉత్తరం డాలస్ అపార్టుమెంటు పోస్టుడబ్బాలో పిజ్జా కూపన్ల మధ్య నలుగుతూ ఉంటే, మన డ్రైవరు ఒహాయో తనిఖీ కేంద్రంలో విషయం తెలుసుకుంటాడు.

లైసెన్సు మోసాన్ని ఇంత పెద్దది చేస్తారేమిటని అడిగేవారికి ఒక్క ఉదాహరణ. 1994 నవంబరులో మిల్వాకీ దగ్గర ట్రక్కు నుంచి ఊడిపడిన ఇనుప భాగం తగిలి ఒక వ్యాన్ అంటుకుని ఒకే ఇంటి పిల్లలు ఆరుగురు చనిపోయారు. ఆ డ్రైవరు లైసెన్సు ఇల్లినాయిస్‌లో లంచంతో వచ్చినదని బయటపడింది. లైసెన్సుల లంచాలతో మొదలైన ఆ దర్యాప్తు పెరిగి పెరిగి, చివరికి 2006లో ఆ రాష్ట్ర మాజీ గవర్నరు జార్జ్ రయాన్‌ను దోషిగా నిలబెట్టింది.

"ఏ వీసా అయినా" అన్నది కూడా తక్కువ ప్రమాదం కాదు. పౌరులకూ గ్రీన్ కార్డుదారులకూ మామూలు సీడీఎల్. మిగతావారికి నాన్-డొమిసైల్డ్ సీడీఎల్ అని వేరే ఉంది. 2025 సెప్టెంబరులో కేంద్ర రవాణా శాఖ దాన్ని హెచ్-2ఏ, హెచ్-2బీ (తాత్కాలిక పనివారు), ఈ-2 (పెట్టుబడిదారులు) వీసాలవారికే పరిమితం చేసింది. నవంబరులో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు ఆ నిబంధనను నిలిపివేసినా, 2026 ఫిబ్రవరిలో శాఖ అదే పరిమితితో తుది నిబంధన తెచ్చింది. హెచ్-4 (హెచ్-1బీ వారి కుటుంబ సభ్యుల వీసా) మీద వర్క్ పర్మిట్ ఉన్నవారి అర్హత ఈ తగువుకే లోబడి ఉంది కాబట్టి, దరఖాస్తు చేసే రోజున అమల్లో ఉన్నదేమిటో చూసుకోక తప్పదు. హెచ్-1బీ వారికి ఆ తగువుతో పనే లేదు, ఎందుకంటే పిటిషన్ వేసిన యజమాని దగ్గర ఆ పిటిషన్‌లోని పని తప్ప వేరే పని చేయరాదు. ఓపీటీ (చదివిన రంగంలోనే పని చేసే విద్యార్థి అనుమతి) పిల్లలు కంప్యూటర్ సైన్సు పట్టాకూ పద్దెనిమిది చక్రాలకూ సంబంధం నిరూపించగలిగితే అప్పుడు ఆలోచించవచ్చు.

అయితే ఆ సందేశంలో ఒక పావు నిజం ఉంది, దాన్ని కాదనను. శిక్షణ తీసుకున్న వేరే రాష్ట్రంలోనే డ్రైవింగ్ పరీక్ష రాయడానికి వీలుంది. ఆ రాష్ట్రం ఒప్పుకుంటే పరీక్ష పెట్టి ఫలితాన్ని సొంత రాష్ట్రానికి పంపుతుంది, సొంత రాష్ట్రం దాన్ని అంగీకరించాలి. లైసెన్సు మాత్రం ఇంటి దగ్గరే. మరొకటి కూడా ఒప్పుకోవాలి: ఇల్లంటూ లేకుండా ఏడాదంతా ట్రక్కు క్యాబిన్‌లోనే పడుకునే డ్రైవర్లకు ఈ స్థిర నివాసపు నియమం నిజంగానే సరిపోదు. వారి తిప్పలకు ఒక దారి చూపమని అడగడం న్యాయమే. ఎడిసన్‌లో మూడు పడకగదుల ఇల్లున్న మనిషి ఆ డ్రైవరు కష్టాన్ని అడ్డం పెట్టుకోవడం న్యాయం కాదు. అతను నిజంగానే సంసారంతో సహా డాలస్‌కు మారితే ఎవరికీ అభ్యంతరం లేదు. మారిన 30 రోజుల్లోగా సీడీఎల్ బదిలీకి దరఖాస్తు చేసుకుంటే సరిపోతుంది.