పోలిష్‌లో ‘ఎప్పుడూ చివరి నుంచి రెండోదే’ అని నేర్పడం ఇక ఆపండి

ఇప్పుడే ఇంకో పోలిష్ పాఠం విన్నాను. మళ్లీ అదే మాట: “ఊనిక, అంటే గట్టిగా నొక్కి పలకడం, ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీదే.” ఆ ‘ఎప్పుడూ’ వింటేనే ఒళ్లు మండుతుంది. భూతకాలం పాఠం రాగానే ఏం చేస్తారు మరి?

చితాచ్ అంటే చదవడం. ‘చదివాడు’ చితవ్, ఊనిక ‘చి’ మీద. ‘చదివాను’ చితవెం, ఊనిక ‘త’ మీదికి జరిగింది. ‘వాళ్లు చదివారు’ చితలి, అదీ ‘త’ మీదే. ఇక్కడి దాకా సూత్రం సరే. ఇప్పుడు ‘చదివాం’: చి-త-లిశ్-మి. ‘లిశ్’ నొక్కమంటారు వీళ్లు. కాదు, ‘త’ మీదే! ఈ ‘శ్మి’ ఈ క్రియది కాదు, ‘ఉండు’ అనే అర్థమున్న బిచ్ క్రియ పాత రూపం వచ్చి అతుక్కుంది. ఇప్పటికీ పూర్తిగా కలవలేదు. ‘ఎక్కడున్నారు మీరు?’ అని జరిగిపోయిన సంగతి అడగడానికి గ్జె బిలిశ్చె అనొచ్చు, ఆ ‘శ్చె’ని ఊడదీసి గ్జెశ్చె బిలి అనీ అనొచ్చు.

‘వీలుంటే చేసేవాణ్ణి’ లాంటి షరతు అర్థానికి ‘బి’ చేరుతుంది, అప్పుడు ఇంకా దూరం. ‘చదివేవాణ్ణి’ చితవ్‌బిం, ఊనిక ‘చి’ మీద. ‘పూర్తిగా చదివేసేవాళ్లం’ ప్షె-చి-త-లి-బిశ్-మి, ఆరు అక్షరాలు, ఊనిక ‘త’ మీద, అంటే చివరి నుంచి నాలుగోది. చేయాల్సింది ఒక్కటే: బిం, బిశ్మి, శ్మి, శ్చె తీసేయండి, మిగిలిన చితవ్‌నో చితలినో మామూలుగా పలకండి, తీసినవి మళ్లీ తగిలించండి, ఊనికను మాత్రం కదపకండి. ‘శ్’ని ముందు అక్షరంలో కలిపినా తర్వాతి దాంట్లో కలిపినా తేడా రాదు.

అక్షరాల లెక్క కూడా తప్పే నేర్పుతున్నారు. ‘కూర్చుని ఉండేవాళ్లం’ శె-జె-లి-బిశ్-మి (siedzielibyśmy), అయిదే. రాతలో కనిపించే ప్రతి ‘ఐ’ (i)నీ అచ్చుగా లెక్కేస్తే ఏడొస్తాయి. అచ్చు ముందున్న ‘ఐ’ హల్లును మెత్తబరచడానికే, దానికి అక్షరం లేదు.

మనవాళ్లకు ఇంకో అలవాటు, నొక్కమంటే దీర్ఘం తీస్తారు. చితాలిశ్మి కాదు బాబూ! పోలిష్‌లో దీర్ఘాలు లేవు, గొంతు బలం చాలు.

“పోలండ్ వాళ్లే లిశ్ మీద నొక్కుతారుగా” అంటారు. మాటల్లో చాలామంది నొక్కుతారు, నిజమే. ఆ సంగతీ చెప్పండి. వేదిక మీద, జాగ్రత్తగా చదివేచోట పాత పద్ధతే మేలని కూడా చెప్పండి. ఏదీ చెప్పకుండా ‘ఎప్పుడూ’ అనడమేంటి?

అసలు పోలండ్‌లో చదవడానికి వెళ్లే పిల్లలకు ‘యూనివర్సిటీ’ అన్న మాటైనా సరిగ్గా నేర్పారా? ఉ-ని-వెర్-సి-తెత్, ఊనిక ‘వెర్’ మీద, చివరి నుంచి మూడోది. ‘యూనివర్సిటీ యొక్క’ అనాలంటే ఉనివెర్సితెతు, అప్పుడు ‘తె’ మీద. మొదటి రోజే నోట్లోకి రావాల్సిన మాట అది.