రేషన్ కార్డు అక్కర్లేని బాధ్యత

కరోనా కాలంలో ఈ దేశంలో కొరత రానిది ఏదైనా ఉందంటే అది బాధ్యత ఒక్కటే. మాస్కులకు కొరత వచ్చింది, పడకలకు వచ్చింది, రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ బ్లాకులో తప్ప దొరకని రోజులు వచ్చాయి, చివరికి శ్మశానంలోనూ వరుసలో నిలబడవలసి వచ్చింది. బాధ్యత మాత్రం రేషన్ కార్డు చూపకుండానే, వేలిముద్ర వేయకుండానే ప్రతి పౌరుడికీ ఉచితంగా అందింది. దేశ పునర్నిర్మాణం మనందరి ఉమ్మడి బాధ్యత అంటూ ఇప్పటికీ ఏ వేదిక మీద ఏ నాయకుడు గొంతు సవరించుకున్నా నాకు ఆ సరఫరా వ్యవస్థే గుర్తుకు వస్తుంది. దానిని రూపొందించిన మేధావికి ఇంతవరకు పద్మ పురస్కారం ఇవ్వకపోవడం నిజంగా అన్యాయం.

ఆ వ్యవస్థ పేరు కాలర్ ట్యూన్, అంటే ఎవరికి ఫోన్ చేసినా ముందుగా వినిపించిన ప్రభుత్వ కరోనా సందేశం. 2020 మార్చిలో ఒక దగ్గుతో మొదలై, ఆ తర్వాత సుద్దులుగా ఎదిగింది. దాని అసలు ప్రతిభ బయటపడింది మాత్రం 2021 ఏప్రిల్, మే నెలల్లో. ఆటో వెనక సీటులో తండ్రి తలను ఒడిలో పెట్టుకుని కూర్చున్న కొడుకును ఊహించుకోండి. తండ్రి వేలికి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ ఉంది, అందులో అంకె 86. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఆసుపత్రుల జాబితాలోని మొదటి నంబరుకు అతడు ఫోన్ చేస్తాడు. వెంటనే ఒక మధురమైన కంఠం చేతులు కడుక్కోమంటుంది, రెండు గజాల దూరం పాటించమంటుంది. ఒడిలోని తండ్రికి రెండు గజాల దూరం ఎలా పాటించాలో ఆ కంఠం చెప్పదు. పౌరుడన్నవాడు కొంత సొంత బుద్ధి కూడా వాడాలి కదా. టీకా వేయించుకోమని చెప్పి అది సెలవు తీసుకున్నాక, ఆ నంబరు బిజీగా ఉందని తెలుస్తుంది. రెండో నంబరు. మళ్ళీ చేతులు, మళ్ళీ గజాలు, మళ్ళీ టీకా. ఆక్సీమీటర్‌లో 83. మూడో నంబరు ఎవరూ ఎత్తరు. ఎత్తినవాళ్ళు పడక లేదంటారు, ఉన్నచోట ఆక్సిజన్ సిలిండర్ మీరే తెచ్చుకోండంటారు. ఆ సిలిండర్ కోసం ఇంకొకరికి ఫోన్ చేస్తే, చేతులు కడుక్కోవడం ఎంత అవసరమో అతడికి ఇంకొకసారి బోధపడుతుంది. జాబితా పూర్తయ్యేసరికి ఈ దేశంలో అతడంత బాధ్యత ఎరిగిన పౌరుడు మరొకడు ఉండడు.

టీకాలే సరిపడా లేనప్పుడు టీకా వేయించుకోమని ఫోనులో ఈ చికాకు పెట్టే సందేశం ఎందుకని 2021 మేలో ఢిల్లీ హైకోర్టే ప్రభుత్వాన్ని అడిగింది. న్యాయమూర్తులకు కూడా ఎవరికో ఒకరికి ఫోన్ చేయవలసిన అవసరం పడే ఉంటుంది.

మన వంతు మనం చేయలేదా అంటే, అక్షరాలా చేశాం. 2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకు పళ్ళేలు మోగించాం. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు దీపాలు పెట్టాం. ఆ రెంటికీ మధ్య, మార్చి 24 రాత్రి 8 గంటలకు చెప్పి అర్ధరాత్రి నుంచి దేశానికి తాళం వేస్తే, వలస కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని రహదారుల వెంట నడిచారు. వారిలో ఎందరు దారిలో పోయారని సెప్టెంబరులో లోక్‌సభలో అడిగితే, అలాంటి లెక్క లేదని, కాబట్టి పరిహారం అన్న ప్రశ్నే తలెత్తదని కార్మిక శాఖ సెలవిచ్చింది. ఎంత పొదుపు! ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు లెక్కబెట్టిన ఆశా కార్యకర్తకు కేంద్రం ప్రకటించిన అదనపు ప్రోత్సాహకం నెలకు 1,000 రూపాయలు. ఆసుపత్రుల మీద పూలు చల్లడానికి మాత్రం సైనిక హెలికాప్టర్లు వచ్చాయి. నర్సీపట్నంలో ఎన్-95 మాస్కులు లేవని బయటకు చెప్పిన ప్రభుత్వ వైద్యుడికి పూలు కాదు, సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది.

పౌరుల ప్రాథమిక విధులను రాజ్యాంగంలో చేర్చింది 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో. అవి ఇప్పుడు 11. ఎన్నిసార్లు తిరగేసినా సిలిండర్ మోయాలన్న విధి అందులో కనిపించదు. కనిపించేది వేరే చోట ఉంది: ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటని 47వ అధికరణం మొదటి నుంచీ చెబుతూనే ఉంది. దానికి ఎవరూ కాలర్ ట్యూన్ పెట్టలేదు.

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ రావడం ఆలస్యమైంది. అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. వాళ్ళు చేతులు కడుక్కోలేదా? దూరం పాటించలేదా? ఏ బాధ్యత తప్పారని ఊపిరి ఆగింది? ఆ తర్వాత సరిగ్గా 71 రోజులకు, జూలై 20న, ఆక్సిజన్ కొరతతో మరణాలు సంభవించినట్లు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని కేంద్రం రాజ్యసభలో చెప్పింది. నివేదించవలసింది ఒక ప్రభుత్వం, అడిగి తెలుసుకోవలసింది మరొక ప్రభుత్వం, సిగ్గుపడవలసింది మాత్రం ఎవరూ కాదు. పడక వెతకడం మా బాధ్యత, సిలిండర్ మోయడం మా బాధ్యత, శవాన్ని మోయడమూ మా బాధ్యతే, సరే, ఒప్పుకున్నాం. చచ్చిపోయిన మనిషి దేనివల్ల చచ్చిపోయాడో కాగితం మీద నిజం రాయడమైనా మీ బాధ్యత కాదా?