3డి ఉంటే ఎలివేషన్లు దండగ అనే మాట తప్పు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇంటీరియర్ పనులు చేసేవాళ్ల ఫోన్లలో ఒక మాట బాగా తిరుగుతోంది. 3డి వ్యూలు చూపిస్తే చాలట, గోడగోడకీ ఎలివేషన్ (గోడను ఎదురుగా నిలబడి చూసినట్టు కొలతలతో గీసే డ్రాయింగ్) గీయడం దండగట. కొలతలు కార్పెంటరే తీసుకుంటాడట. మరీ కావాలంటే సాఫ్ట్‌వేరే ఎలివేషన్లు ఇచ్చేస్తుందట. ఇక డ్రాయింగులకు పేర్లు, నంబర్లు, వాటిని అమర్చే షీట్లు పెద్ద ఆఫీసుల వ్యవహారమట, రెండు బెడ్‌రూముల ఫ్లాటుకు అక్కర్లేదట. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు దీన్ని నిజమని నమ్ముతున్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

3డి సంగతి ముందు. ఇంటివాళ్లకు రంగు, మైకా, లైట్లు ఎలా ఉంటాయో చూపించడానికి అంతకంటే మంచిది లేదు. కానీ ఆ వ్యూలో దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కాబట్టి దాని మీద స్కేలు పెట్టి కొలవలేం. పైగా లోపల ఏముందో అది చెప్పదు. వంటగట్టు కింద 600 మిల్లీమీటర్ల వెడల్పు డ్రాయర్ యూనిట్ ఒకటి ఉందనుకోండి. రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల ప్లై పోతే లోపల మిగిలేది 564. డ్రాయర్ జారే టెలిస్కోపిక్ చానల్ ఒక్కో పక్క దాదాపు 13 తింటుంది. అంటే డ్రాయర్ డబ్బా 538 ఉండాలి. 3డిలో మాత్రం కనిపించేది ముందు పలకే. ఆ పలకను చూసి డబ్బా కోస్తే చానల్ బిగుసుకుపోతుంది, లేదా వదులైపోతుంది. 3డి మోడల్ చేసే స్కెచప్‌లో పనిచేసేవాళ్లు ప్రతి గోడకీ ప్యారలల్ ప్రొజెక్షన్‌లో (దూరం వల్ల ఏదీ చిన్నదవని చూపులో) ఒక సీన్, అంటే దాచుకునే వ్యూ, లోపలి అరలకు సెక్షన్ ప్లేన్‌తో (మోడల్‌ను కోసి లోపల చూపే పలకతో) ఇంకో సీన్ పెట్టుకుని, దాని జత ప్రోగ్రాం లేఅవుట్‌లోకి పంపితే స్కేలు సరిగ్గా వస్తుంది. మోడల్ ఎలాగూ చేశారు కదా, ఆ కాస్త పని ఎందుకు వదిలేయాలి?

కార్పెంటర్ కొలతల మాటలో నిజం ఉంది. ఇటుక గోడ, దాని మీద ప్లాస్టరింగ్, మూల ఎక్కడా కచ్చితంగా మట్టానికి ఉండదు. ప్లై కోసే ముందు సైట్‌లో టేపు పెట్టాల్సిందే. అయితే టేపు ఉన్నదాన్నే చెబుతుంది, ఏది ఎక్కడ రావాలో చెప్పదు. చిమ్నీ పాయింట్, మిక్సీ ప్లగ్గు ఎంత ఎత్తులో రావాలో ఎలక్ట్రీషియన్‌కు ప్లాస్టరింగ్‌కు ముందే తెలియాలి. అప్పటికి కార్పెంటర్ ఇంకా రాడు.

గట్టు ఎత్తు చూడండి. డబ్బా కింది స్కర్టింగ్ 100 మిల్లీమీటర్లు, డబ్బా 720, పైన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ సుమారు 20, మొత్తం 840. ఇది టైల్స్ పరిచాక ఉండే నేల నుంచి లెక్క. టైల్ వేయకముందే స్లాబు మీద నుంచి కొలిచి బిగిస్తే, మాలుతో కలిపి టైల్ రెండంగుళాలు పైకొస్తుంది, గట్టు 790కి పడిపోతుంది. ఆ ఇంటావిడ రోజూ నడుం వంచి వంట చేయాలి. ఎలివేషన్‌లో పూర్తయిన నేల గీత ఒకటి గీసి, కొలతలన్నీ దాని నుంచే ఇస్తే ఈ గొడవ రాదు.

మన మేస్త్రీలు అడుగుల్లో ఆలోచిస్తారు, ప్లై మిల్లీమీటర్లలో వస్తుంది. 8 బై 4 షీటు అంటే 2440 బై 1220. కప్‌బోర్డు లోతు రెండడుగులు అంటే 610. షీటును నిలువుగా రెండు చేస్తే రంపం సుమారు 3 మిల్లీమీటర్లు తినేస్తుంది, రెండు 610లు రావు. అదే 600 అని డ్రాయింగ్‌లో రాస్తే రెండూ వస్తాయి. పది మిల్లీమీటర్ల కోసం షీట్లు వృథా అయితే ఆ డబ్బు ఇంటివాళ్లదే.

సాఫ్ట్‌వేర్ అన్నీ ఇస్తుందన్న మాట సగమే నిజం. భవనాల మోడల్ చేసే రెవిట్‌లో గది మధ్య ఎలివేషన్ గుర్తు పెట్టి నాలుగు వైపులా టిక్ చేస్తే నాలుగు వ్యూలు వస్తాయి. వాటికి అది పెట్టే పేర్లు ‘ఎలివేషన్ 1 - ఏ’ లాంటివి. ఆరు గదులకు ఇరవై నాలుగు వ్యూలు. వాటిలో పూజగది ఏది? ఆ గుర్తును పొరపాటున డిలీట్ చేస్తే దాని వ్యూలన్నీ పోతాయి. వ్యూను షీటు మీద పెడితే మాత్రం ప్లాన్‌లోని గుర్తులో షీటు నంబరు, డ్రాయింగ్ నంబరు వాటంతట అవే పడతాయి. ఈ సాయం వాడుకోవాలి. కానీ ఏ గది ఏ షీట్‌లోకి వెళ్లాలో నిర్ణయించేది మనమే. అలాంటిదే అయిన ఆర్కికాడ్‌లోనూ అంతే, ఇంటీరియర్ ఎలివేషన్ టూల్ గోడలు చూపిస్తుంది, వ్యూల జాబితా అయిన వ్యూ మ్యాప్‌లో ఫోల్డర్లు మనమే కట్టుకోవాలి. ఆటోక్యాడ్‌లో 2డి గీసేవాళ్లు ఎలివేషన్లు కూడా తామే గీసుకోవాలి.

చిన్న ఫ్లాటుకు నంబర్లు అక్కర్లేదన్నది వీటన్నిటిలో ఎక్కువ నష్టం చేసే మాట. చిన్న పనుల్లోనే ప్లై ఒక ఊళ్లో కోయించి ఇంకో ఊళ్లో బిగిస్తుంటారు. కోసినవాడు ఒకడు, బిగించేవాడు ఒకడు. పద్ధతి పెద్దదేం కాదు. గదికో నంబరు, ఉత్తరపు గోడ ఏ, అక్కడి నుంచి గడియారం తిరిగే వైపు బి, సి, డి. వ్యూ పేరు ‘02-వంటగది-బి’. ఆ గోడ మీది ప్రతి డబ్బాకీ ఒక నంబరు, అదే కటింగ్ లిస్టులో, అదే కోసిన ముక్క వెనక పెన్సిల్‌తో. గీసుకునే వ్యూలను, షీటు మీదికి వెళ్లే వ్యూలను వేరువేరు ఫోల్డర్లలో ఉంచాలి. ఎలివేషన్లన్నిటికీ ఒకటే వ్యూ టెంప్లేట్ (వ్యూ ఎలా కనిపించాలో చెప్పే ఒకే అమరిక), 1:20 స్కేలు, అంటే అసలు కొలతలో ఇరవయ్యో వంతు. 12 అడుగుల గోడ ఆ స్కేల్లో 18 సెంటీమీటర్లే, కాబట్టి ఒక ఏ3 కాగితం మీద రెండు గోడలు పక్కపక్కన పడతాయి, కింద నోట్స్‌కు చోటు మిగులుతుంది.

ఆ షీటును వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అంకెలు చెదిరిపోతాయి. పీడీఎఫ్ చేసి డాక్యుమెంటుగానే పంపండి. ఫైలు పేరులో తేదీ, మార్పు నంబరు పెట్టండి, లేకపోతే కార్పెంటర్ ఫోన్‌లో పాతదే పైన ఉంటుంది. ప్రింటు తీసేవాళ్లకు ‘ఫిట్ టు పేజ్’ తీసేసి వంద శాతం పెట్టమని చెప్పండి, లేకపోతే స్కేలు మారిపోతుంది.