బ్రాడీపేట నుంచి మా పాత హార్డ్ డిస్క్ గారికి

మహారాజశ్రీ 500 జీబీ హార్డ్ డిస్క్ గారికి,

గుంటూరు బ్రాడీపేటలో శుభలేఖలు వేసే డీటీపీ సెంటర్ నుంచి మీ పాత యజమాని రాసుకునే ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు అల్మరాలో, అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డు పక్కన క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

పదమూడేళ్లు సేవ చేస్తే పోయేటప్పుడు శాలువా కూడా కప్పలేదని మీకు మనసులో ఉండొచ్చు. కప్పకూడదని కాదు. మీ విరమణ మొత్తం నాలుగు స్క్రూలు, రెండు కేబుళ్లతో అయిపోయింది. మెకానిక్ కుర్రాడు మిమ్మల్ని బయటికి తీసి, చొక్కా అంచుతో దుమ్ము తుడిచి, "ఇది పారెయ్యకు అన్నా, బాగానే ఉంది" అని నా చేతిలో పెట్టాడు. అదే నా కడుపుమంట. మీకు ఏ రోగమూ లేదు. బ్యాడ్ సెక్టార్, అంటే పాడైన గడి, ఒక్కటి లేదు. ఇన్నేళ్లూ మీరు నన్ను ఏడిపించింది సంపూర్ణ ఆరోగ్యంతో.

మన ఉదయాలు గుర్తున్నాయా? తొమ్మిదింటికి సీపీయూ బటన్ నొక్కేవాణ్ణి. షట్టర్ పూర్తిగా ఎత్తి, కొట్టు ఊడ్చి, వాకిట్లో నీళ్లు చల్లి, పటానికి అగరొత్తి వెలిగించి, పక్కన బాబాయి దగ్గర టీ తాగి వచ్చేసరికి తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. తర్వాత డెస్క్‌టాప్ కనపడేది. కనపడేది అంతే, అది బొమ్మ. మౌస్ కదులుతుంది, ఏదీ తెరుచుకోదు. మీ ఎర్రలైటు మాత్రం ఆరకుండా వెలిగేది. పాపం కష్టపడుతున్నారని జాలిపడేవాణ్ణి.

తప్పు మీదని ఎవరికి తడుతుంది చెప్పండి? వైరస్ అన్నారు, యాంటీవైరస్ వేయించాం. అది మిమ్మల్ని రోజంతా వెతకడం మొదలుపెట్టి ఉన్న ఊపిరి కూడా తీసింది. ర్యామ్ చాలదన్నారు, 4 జీబీని 8 చేశాం. ఫార్మాట్ చేస్తే బాగవుతుందన్నారు. చేస్తే వారం బాగుంది, కొత్త అల్లుడిలాగా. ఇక రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ కొట్టడం సరేసరి. దానివల్ల ఏమొస్తుందో ఎవరికీ తెలియదు. గుడి ముందు నుంచి పోతూ లెంపలేసుకున్నట్టు కొడతాం.

చివరికి ఆ మెకానిక్ కుర్రాడే, లోపల ఎవరెంత పని చేస్తున్నారో చెప్పే టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాడు. ప్రాసెసర్ 8 శాతం. ర్యామ్ సగం ఖాళీ. డిస్క్ 100 శాతం. "చూశావా అన్నా, వీళ్లంతా చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఈయన ఫైలు తెచ్చిందాకా ఎవరికీ పని లేదు" అన్నాడు.

మీ లోపలి సంగతి అప్పుడు తెలిసింది. మీ లోపలి పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుందట! వినడానికి ఎంత జోరు! సెకనుకు 120. కానీ కావలసిన ముక్క మీ సూది కిందికి వచ్చేదాకా ఆగాలి కదా. కోటప్పకొండ తిరునాళ్లలో రంగులరాట్నం దగ్గర పిల్లాడికి నచ్చిన గుర్రం అప్పుడే దాటిపోతే, అది మళ్లీ తిరిగొచ్చిందాకా మనం నిలబడినట్టు. ఆ నిలబడటానికే సగటున 4 మిల్లీసెకన్లు. అంతకుముందు మీ చెయ్యి ఆ వరస దగ్గరికి జరగడానికి ఇంకో తొమ్మిది. వెరసి పదమూడు. ఒక పెద్ద వీడియో మొదటి నుంచి చివరిదాకా వరసగా చదవమంటే సెకనుకు 100 ఎంబీ అవలీలగా లాగుతారు, కాదనను. విండోస్ నిద్ర లేవడం అలాంటి పని కాదు. ఇక్కడో చిటికెడు, అక్కడో చిటికెడు, అలా వేల ముక్కలు కావాలి. సెకనుకు ఎనభై ముక్కలు దాటితే మీకు ఆయాసం.

మీ స్థానంలో వచ్చినాయన పేరు ఎస్‌ఎస్‌డీ, పళ్లెం బదులు చిప్పుల్లో దాచుకునే రకం. 240 జీబీ. 2025 మే నెలలో, ఎండకు షట్టర్ ముట్టుకుంటే చెయ్యి కాలుతున్న రోజున, 1,800 రూపాయలకు వచ్చారు. అరచేతిలో పెట్టుకుంటే అసలు బరువే తెలియదు, మోసపోయానేమో అనిపించింది. కుర్రాడి దగ్గర చచ్చిపోయిన ఎస్‌ఎస్‌డీ ఒకటి ఉంటే విప్పి చూపించాడు. మూడొంతుల్లో రెండొంతులు ఖాళీ డబ్బా! ఓ మూల చిన్న బోర్డు, దాని మీద రెండు నల్ల చిప్పులు. తిరిగేది లేదు, జరిగేది లేదు. ఏ గడి అడిగినా మిల్లీసెకనులో పదో వంతుకే జవాబు.

పెట్టె మీద సెకనుకు 500 ఎంబీ పైన అని రాసి ఉంది. మన మదర్‌బోర్డు 2012 నాటిది, డిస్కు కేబుల్ గుచ్చే దాని సాటా పోర్టు అందులో సగమే మోయగలదు. "మరి దండగేగా" అన్నాను. "ఆ వేగం నీకెందుకన్నా, వెతుకులాట పోయింది చాలు" అన్నాడు. నిజమే. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల్లో, డిస్కుతో మాట్లాడే పాత పద్ధతి ఐడీఈని కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చాడు. కార్డులు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు మళ్లీ ఎక్కించే తలనొప్పి లేకుండా మీలో ఉన్నదంతా ఉన్నట్టు క్లోన్ చేశాడు. సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే రాత్రి తొమ్మిదయింది. మీ ఆఖరి డ్యూటీ కదా, తీరిగ్గా చేశారు.

మర్నాడు బటన్ నొక్కి చీపురు అందుకున్నాను. వంగానో లేదో డెస్క్‌టాప్ వచ్చేసింది. గడియారం పెట్టి చూస్తే 25 సెకన్లు. ఏదో పాడయిందని ఆపేసి మళ్లీ ఆన్ చేశాను.

మీ వంశాన్ని తక్కువ చేయడం లేదు. మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లోనే మీ ముత్తాతగారు ఐబీఎం వారింట పుట్టారు. యాభై పళ్లేలు, టన్ను బరువు, మోసింది మాత్రం 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు నా ఫోన్‌లో పెళ్లి ఫొటో ఒక్కటి అంత ఉంటుంది. మిమ్మల్ని తెచ్చుకోవడం కూడా తేలికగా కాలేదు. 2011 చివర్లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి అక్కడి హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు మునిగాయి. ఆ తర్వాతి జనవరిలో మిమ్మల్ని రెట్టింపు ధరకు కొన్నాను. ఎక్కడో బ్యాంకాక్ పక్కన వాన పడితే గుంటూరులో నా జేబు తడిసింది.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది తెనాలి పెద్దాయన వల్ల.

గుర్తున్నారుగా, ఇంట్లో ప్రతి శుభకార్యానికీ మన దగ్గరే కార్డు వేయించేవారు. మీ హయాంలో ఆయన శుభలేఖకు రెండే దిద్దుబాట్లు. ఫైలు తెరవడానికి మూడు నిమిషాలు, ఫాంటు మారిస్తే ఒక నిమిషం, ఈలోపు పేజ్‌మేకర్ తెల్లమొహం వేసి 'నాట్ రెస్పాండింగ్' అనేది. ఆయన చొక్కా గుండీ విప్పుకుని, ఫ్యాను వైపు చూసి, "సర్లే అబ్బాయ్, కానియ్" అని అడ్వాన్సు ఇచ్చి వెళ్లిపోయేవారు.

మొన్న పెద్దమ్మాయి పెళ్లికి వచ్చారు. ఫైలు రెప్పపాటులో తెరుచుకుంది. "ఏందబ్బాయ్, అప్పుడే వచ్చిందా? అయితే మా పెద్ద బావమరిది పేరు పైకి జరుపు" అన్నారు. జరిపాను. "ఇప్పుడు చిన్న బావమరిది చిన్నబుచ్చుకుంటాడు, ఇద్దర్నీ పక్కపక్కన పెట్టు." పెట్టాను. "వినాయకుడు కొంచెం ఎడమగా చూస్తున్నట్టు లేడూ?" వినాయకుణ్ణి మార్చాను. తర్వాత ఆవిడగారికి ఫోన్ చేసి వీడియో కాల్‌లో తెర చూపించారు. ఆవిడ పక్కింటావిడకు చూపించారు. "బంధుమిత్రుల అభినందనలతో" అన్న చోట మేనత్త మనవల ముద్దుపేర్లు ఏడు చేరాయి. పదకొండు ప్రూఫులు తీశాను. పన్నెండోసారి ఆయన మొదటిదే బాగుందన్నారు.

అప్పుడు మీరు గుర్తొచ్చారు. "సిస్టమ్ స్లోగా ఉందండీ" అనే ఒక్క మాటతో ఎన్ని బావమరుదుల తగాదాలు తప్పించుకున్నానో! అప్లికేషన్ ఆఖరి తేదీన పరుగెత్తుకొచ్చిన పిల్లలకు "టీ తాగి రండి" అని చెప్పి, ఊపిరి పీల్చుకునేవాణ్ణి. పక్కన బాబాయి కూడా గల్లాపెట్టె చూసుకుని, "ఏం మందు పెట్టావురా దానికి?" అని నిష్ఠూరంగా అడుగుతున్నాడు.

కొత్తాయన గుణం కూడా పూర్తిగా తెలియడం లేదు. రాతలకు లెక్క ఉంటుందట. కాగితాల ప్రకారం 80 టెరాబైట్లు. రోజుకు 10 జీబీ రాసినా ఇరవై ఏళ్లు దాటుతుంది, ఆ బాధ లేదు. నా భయం వేరు. మీరైతే పోయేముందు టిక్కుటిక్కుమని మూలుగుతారు, నాలుగు రోజులు టైమిస్తారు. ఆయన చడీచప్పుడు లేకుండా పోతారట. రాత్రి బాగానే ఉండి, పొద్దున బయోస్‌లో పేరు కూడా కనపడదట. పైగా డేటా తిరిగి రాబట్టడం మీ దగ్గరకంటే కష్టం. దానికి తోడు విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. 11 వేద్దామంటే మన పాత ప్రాసెసర్‌ని గుమ్మం కూడా తొక్కనివ్వదు. అందుకే బ్యాంకు పనులు లాప్‌టాప్‌లో చేసుకుంటూ, దీన్ని కార్డులకే ఉంచాను.

కాబట్టి మీకు చిన్న ఉద్యోగం చూశాను. యూఎస్‌బీ కేసు ఒకటి కొన్నాను. మీ ఒంటికి 12 వోల్టులు కావాలి గనక దాని అడాప్టరు వేరే ఉంది. ప్రతి ఆదివారం వచ్చి, ఆ వారం శుభలేఖలన్నీ కాపీ చేసుకుని, మళ్లీ అల్మరాలో పడుకోవడమే. ఎంత నెమ్మదిగా చేసినా అడిగేవాళ్లుండరు.

ఇంకొక్క మనవి. తెనాలి పెద్దాయన నిన్న ఫోన్ చేశారు. రెండో అమ్మాయికి కూడా సంబంధం ఖాయమైందట, శుక్రవారం పొద్దున్నే వస్తానన్నారు. ఈసారి అటు వియ్యంకుడు గారు కూడా వస్తారట. ఆ ఒక్క పూటకి తమరు పాత సీట్లోకి వచ్చి కూర్చోగలరా? సాటా కేబుల్ విప్పి సిద్ధంగా పెట్టాను.

ఇట్లు,
మీ రాక కోసం ఎదురుచూస్తూ,
డీటీపీ సెంటర్, బ్రాడీపేట